లారీతో పెద్ద ప్రమాదం జరిగితే: రోడ్డు మీద మొదటి నిమిషం నుంచి చివరి వాయిదా వరకు డ్రైవరు చేయవలసినవి

అర్ధరాత్రి దాటాక నా ఫోను మోగిందంటే విషయం దాదాపు ఒకటే. "అన్నా, బండి తగిలింది. మనిషి పోయినట్టున్నాడు. ఉండనా, వెళ్లిపోనా?"

పద్దెనిమిదేళ్లు లారీ నడిపాను. మోకాళ్లు మొరాయించాక స్టీరింగు వదిలేసి, ఇప్పుడు చిత్తూరులో లారీల వాళ్ల కాగితాలు చూసుకుంటున్నాను. ఫోనులో నేను చెప్పేది రెండే ముక్కలు. అక్కడ ఉండలేని పరిస్థితి వస్తే పక్కకు తప్పుకో. తప్పుకున్నవాడివి ఇంటికి వెళ్లకు, నేరుగా పోలీసు స్టేషన్‌కు వెళ్లు. మిగతాదంతా తెల్లవారాక కూర్చోబెట్టి చెబుతాను. అలా చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. వకీలు పని వకీలే చేయాలి. కానీ వకీలు వచ్చేలోపు జరిగే పనులే కేసును సగం రాసేస్తాయి, ఆ సమయంలో డ్రైవరు పక్కన ఎవరూ ఉండరు.

ఇంజను ఆపిన వెంటనే

హజార్డ్ లైట్లు వేయండి. హ్యాండ్ బ్రేకు లాగండి. తాళం చెవి జేబులో వేసుకోండి, బండిలో వదలకండి. క్లీనరు ఉంటే అతన్ని వెనక్కి పంపి, వచ్చే బండ్లకు టార్చితో సైగ చేయమనండి. చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే రోడ్డులో పూతలపట్టు దాటాక రాత్రిపూట బండ్లు ఎంత వేగంతో వస్తాయో మీకు నేను చెప్పాలా? ఒక ప్రమాదం జరిగిన చోట పది నిమిషాల్లో రెండోది జరగడం నా కళ్లతో చూశాను. ఎర్ర త్రికోణం బండిలో ఉంటే ఇప్పుడే తీయండి. చాలా లారీల్లో అది ఫిట్‌నెస్ రోజున మాత్రమే కనబడుతుంది.

తరువాత 108కి, 112కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి అయితే 1033కి కూడా చేయండి, టోల్ ప్లాజా వాళ్ల అంబులెన్సు, క్రేను దగ్గరలో ఉంటే వస్తాయి. ఫోను మీ నంబరు నుంచే చేయండి. ఎందుకంటే మీరు ఏ నిమిషాన సహాయం అడిగారో ఆ కాల్ రికార్డే చెబుతుంది. మూడేళ్ల తరువాత కోర్టులో "ముద్దాయి క్షతగాత్రుణ్ని వదిలేసి పరారయ్యాడు" అని ఎవరైనా అంటే, జవాబుగా చూపించడానికి మీ దగ్గర ఉండేది అదే.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను డ్రైవరుకు కొన్ని బాధ్యతలు పెట్టింది. గాయపడ్డవారికి వైద్యం అందేలా చూడాలి. పోలీసులు అడిగిన వివరాలు ఇవ్వాలి. పోలీసులు అక్కడ లేకపోతే దగ్గరలోని స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు తెలియజేయాలి. బీమా కంపెనీకి కూడా పాలసీ నంబరు, ప్రమాదం జరిగిన సమయం, చోటు, గాయపడ్డవారి వివరాలు, మీ లైసెన్సు వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. వీటిలో ఏది చేయకపోయినా ప్రమాదం కేసుతో సంబంధం లేకుండా విడిగా శిక్ష ఉంటుంది.

ఫోటోలు తీయండి. శవాన్ని, రక్తాన్ని తీయవద్దు, అవి మీకు ఏ విధంగానూ పనికిరావు, జనానికి కోపం తెప్పిస్తాయి. టైర్లు రోడ్డు మీద గీసిన చారలు, బండి ఆగిన చోటు, ఎదుటి బండి ఏ వైపు ఉంది, వీధి దీపం వెలుగుతోందా లేదా, మలుపు బోర్డు ఉందా, రోడ్డు మీద అడ్డంగా ఏమైనా ఉందా, ఇవి తీయండి. డ్యాష్ కెమెరా ఉంటే మెమరీ కార్డు తీసి భద్రం చేయండి. లేకపోతే బండి స్టేషన్ ఆవరణలో ఉండగా అది పోయే అవకాశం ఎక్కువ.

జనం ఎగబడితే

134వ సెక్షనులోనే ఒక మాట ఉంది. జనం ఆగ్రహం వల్లగానీ, మన చేతుల్లో లేని మరో కారణం వల్లగానీ సాధ్యం కాకపోతే తప్ప గాయపడ్డవారికి సాయం చేయాలి అని. అంటే రాళ్లు పడుతున్న చోట నిలబడి దెబ్బలు తినమని చట్టం కూడా చెప్పడం లేదు. ఈ సంగతి తెలియక కొందరు నిలబడి ఆసుపత్రి పాలయ్యారు. తెలియకే ఇంకొందరు భయపడి అడవిలో పడి రెండు రోజులు కనబడకుండా పోయారు. రెండోది ఇంకా నష్టం.

పక్కనే ఉన్న డాబాలోకో, పెట్రోలు బంకులోకో, టోల్ బూతులోకో వెళ్లండి. అక్కడ కెమెరాలుంటాయి, పది మంది ఉంటారు. అక్కడి నుంచి 112కి మళ్లీ ఫోన్ చేసి, "నేను ఫలానా బండి డ్రైవరును, ఇక్కడ ఉన్నాను, జనం కొడతారేమోనని పక్కకు వచ్చాను" అని చెప్పండి. వేరే బండి ఎక్కి స్టేషన్‌కు వెళితే, వెళ్లిన సమయం గుర్తు పెట్టుకోండి. మొగిలి ఘాట్‌లో ప్రమాదం చేసి బంగారుపాళ్యం స్టేషన్‌కు నడుచుకుంటూ వెళ్లిన డ్రైవరు ఒకడు నాకు తెలుసు. చెప్పులు క్యాబిన్‌లోనే ఉండిపోయాయి. వట్టి కాళ్లతో, చేతిలో బండి తాళం చెవితో మెట్లెక్కాడు. ఆ తాళం చెవి రైటరు బల్ల మీద పెట్టి నిలబడ్డాడు, నోట మాట రాలేదు. తరువాత కోర్టులో పోలీసు సాక్షి కూడా అతను పరారయ్యాడని చెప్పలేకపోయాడు.

2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేసి బంకుల ముందు బారులు తీరినప్పుడు గొడవంతా దీని గురించే. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో రెండు భాగాలున్నాయి. మొదటిది నిర్లక్ష్యం వల్ల మరణం, దీనికి ఐదేళ్ల వరకు జైలు. పాత శిక్షాస్మృతిలో ఇది 304ఏ, రెండేళ్లు. రెండో భాగం ప్రాణం తీసి, పోలీసులకు చెప్పకుండా పారిపోయిన వారికి పదేళ్ల వరకు. 2024 జూలై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఈ రెండో భాగాన్ని ఒక్కదాన్నే అమల్లోకి తేకుండా పక్కన పెట్టారు. పక్కన పెట్టారు కదా అని ధీమా పడవద్దు. పారిపోయిన డ్రైవరు మీద బెయిలు దగ్గర, శిక్ష దగ్గర, పరిహారం దగ్గర ఆ మచ్చ పనిచేస్తూనే ఉంటుంది.

స్టేషన్‌లో

ముందుగా ఎవరికి ఫోన్ చేయాలి? ఇంటికి. యజమానికి తరువాత. అరెస్టు చేస్తే కారణం మీకు చెప్పాలి, మీరు చెప్పిన బంధువుకో స్నేహితుడికో తెలియజేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో ఆలోచించకుండా అరెస్టు చేయవద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. అందుకే చాలా సందర్భాల్లో నోటీసు ఇచ్చి పంపుతారు. డ్రైవర్లంతా ఇంకా "41ఏ నోటీసు" అనే అంటారు, కొత్త చట్టంలో అది 35(3). నోటీసు తీసుకున్నాక పిలిచిన రోజు వెళ్లండి. వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారి వేసినట్టు.

106లో మొదటి భాగం బెయిలు ఇవ్వదగిన నేరం. అంటే బెయిలు మీ హక్కు, ఎవరి దయా కాదు. పూచీకత్తు రాసి స్టేషన్‌లోనే విడుదల కావచ్చు. మనిషి ప్రాణానికి, ఇతరుల భద్రతకు అపాయం కలిగించేలా నడిపినందుకు 281, తీవ్ర గాయాలైతే 125 కూడా చేరుస్తారు, అవీ బెయిలు ఇవ్వదగినవే. బయటి రాష్ట్రం డ్రైవరుకు ఇక్కడ జామీను నిలబడేవారు దొరకరు, అది నిజమైన ఇబ్బంది. అరెస్టయిన వారంలోపు పూచీ తేలేకపోయినవాడిని పేదవాడిగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని చట్టంలో ఉంది. ఈ మాట మీ వకీలుకు గుర్తు చేయండి. తాగి నడిపి ప్రాణం తీసిన కేసుల్లో మాత్రం 105వ సెక్షను, అంటే హత్య కిందకు రాని నరహత్య, పెట్టే అవకాశం ఉంది. అది బెయిలు ఇవ్వదగినది కాదు.

ఎఫ్‌ఐఆర్ నకలు అడగండి. ఏ సెక్షన్లు పెట్టారో, సమయం, చోటు సరిగ్గా ఉన్నాయో చూడండి.

వాంగ్మూలం గురించి కొంచెం ఆగి చెప్పాలి. దర్యాప్తులో పోలీసులు మీ మాటలు రాసుకున్న కాగితం మీద మీ సంతకం అవసరం లేదు, సంతకం తీసుకోకూడదనే చట్టం చెబుతుంది. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా అది మీ మీద సాక్ష్యంగా చెల్లదు. ఖాళీ కాగితం మీద సంతకం చేయమంటే మర్యాదగా, "సార్, చదివి చేస్తాను" అనండి. చిత్తూరు జిల్లా వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పలమనేరు దాటి కాసేపు వెళితే కర్ణాటక, నగరి దాటితే తమిళనాడు. కన్నడంలోనో తమిళంలోనో రాసింది మీకు చదవరాదు. అలాంటప్పుడు "నాకు చదవడం రాదు, చదివి వినిపించారు" అనే మాట కూడా లేకుండా దేని మీదా వేలిముద్ర వేయకండి.

ఇక ఎవరూ బయటికి చెప్పని సంగతి. కొన్ని సందర్భాల్లో రాత్రికి రాత్రే ఒక మనిషి వస్తాడు. "లైసెన్సు ఉన్న వేరే డ్రైవరును చూపిద్దాం, నీకు పదివేలు ఇస్తాం, ఊరికి వెళ్లిపో" అంటాడు. లేదా మీ లైసెన్సు బాగుంది, నిజంగా నడిపినవాడిది బాగాలేదు కాబట్టి మీరు నిలబడమంటాడు. రెండింటికీ ఒప్పుకోకండి. టోల్ ప్లాజా కెమెరాలో క్యాబిన్‌లో ఎవరున్నారో కనబడుతుంది. ఫోను టవరు చెబుతుంది. బీమా కంపెనీ వాళ్ల పరిశోధకుడు ఆరు నెలల తరువాత డాబాకు వెళ్లి టీ తాగిన మనిషి ఎవరో అడుగుతాడు. నిర్లక్ష్యం కేసు ఒక రకం, అబద్ధం చెప్పి దర్యాప్తును తప్పుదోవ పట్టించిన కేసు ఇంకో రకం. రెండోదాంట్లో జడ్జి గారికి మీ మీద జాలి ఉండదు.

రక్త పరీక్ష

తాగలేదా? అయితే పరీక్ష చేయమని మీరే అడగండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరం. ఆలస్యమైన కొద్దీ ఆ కాగితానికి విలువ తగ్గుతుంది. ఒంటి మీద చిన్న దెబ్బ ఉన్నా డాక్టరుకు చూపించి రాయించుకోండి, ఛాతీ స్టీరింగుకు తగిలిన నొప్పి మరుసటి రోజుకు గానీ బయటపడదు.

బండి, బ్రేకు ఇన్‌స్పెక్టరు

మోటారు వాహనాల తనిఖీ అధికారిని మన వాళ్లు ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టరు అనే పిలుస్తారు. ప్రమాదం చేసిన ప్రతి బండినీ ఆయన చూసి రిపోర్టు ఇస్తారు. అది వచ్చేవరకు బండి మీద చేయి వేయకూడదు, పగిలిన అద్దం కూడా మార్చకూడదు.

డ్రైవర్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ప్రతి వాడూ "బ్రేకు పడలేదు సార్" అంటాడు. రెండు రోజుల తరువాత ఇన్‌స్పెక్టరు గాలి నింపి, బ్రేకు నొక్కి చూస్తారు, బాగానే పడుతుంది. "బ్రేకులు పనిచేయు స్థితిలో ఉన్నవి" అని రాస్తారు. అంతటితో మీరు చెప్పిన మొదటి మాటే అబద్ధమైపోతుంది.

నిజానికి మీరు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగేటప్పుడు బండి నిండా సరుకుతో, చిన్న గేరు వేయకుండా, పెడల్ మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాలిపోతాయి. డ్రమ్ముకు ఒత్తుకునే పట్టీలు, అంటే లైనర్లు, కాలితే పట్టవు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాడికి ఇది ఇంకా త్వరగా వస్తుంది. బండి ఆగి చల్లారాక అదే బ్రేకు మామూలుగా పట్టేస్తుంది. కాబట్టి ఏం జరిగిందో అది చెప్పండి. "ఘాట్ దిగుతుంటే బ్రేకు వేడెక్కి పట్టు తప్పింది, కాలిన వాసన వచ్చింది, పొగ వచ్చింది." అంత చెబితే లైనర్లు విప్పి చూడమని అడిగే అవకాశం మీకు, మీ వకీలుకు ఉంటుంది. గాజులా మెరిసే లైనరు ఆ రాత్రి ఏం జరిగిందో చెబుతుంది. అయితే న్యూట్రల్ వేసి దిగిన మాట నిజమైతే ఈ వాదన మీకే ఎదురు తిరుగుతుందని ముందే తెలుసుకోండి.

లోడు సంగతి. మామిడి సీజన్‌లో తోతాపురి లోడుతో ఆగిపోయిన బండి మూడో రోజుకు ఎలా ఉంటుందో స్టేషన్ వాళ్లను అడగండి. పుల్లటి వాసన, టార్పాలిన్ కింద నుంచి కారే రసం, ఆవరణంతా ఈగలు. మదనపల్లె టమాటా అయితే అన్ని రోజులు కూడా ఆగదు. దర్యాప్తు అధికారి అనుమతి తీసుకుని సరుకు వేరే బండిలోకి మార్పించండి. మార్చేటప్పుడు ఈ-వే బిల్లు రెండో భాగంలో కొత్త బండి నంబరు ఎక్కించమని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు చెప్పండి. అది మరిచిపోతే సరుకు ఇంకో చెక్‌పోస్టులో ఇంకో కేసులో చిక్కుతుంది.

బండిని విడిపించుకునే అర్జీ యజమాని మేజిస్ట్రేటు కోర్టులో పెట్టాలి, ఆర్‌సీ, బీమా, పూచీకత్తుతో. బీమా లేని బండికి ఆ పని చాలా కష్టం. ఇది డ్రైవరు నెత్తిన పెట్టుకోవలసిన పని కాదు.

మూడో ఫారం: మీ మాట మీరే రాయండి

ఇంతవరకు చెప్పినదంతా మరిచిపోయినా దీన్ని మరవకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి రిపోర్టు పరిహారం కేసులు చూసే ట్రైబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. 50 రోజుల్లో మధ్యంతర రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు. ఈ మధ్యలో దర్యాప్తు అధికారి డ్రైవరుకు ఒక ఖాళీ ఫారం ఇస్తారు. దాని పేరు ఫారం 3, డ్రైవరు ఫారం. దాన్ని 30 రోజుల్లో నింపి ఇవ్వాలి. యజమానికి ఫారం 4 వేరే ఉంటుంది.

జరిగే పని ఏమిటంటే, రెండు ఫారాలూ యజమాని గుమాస్తా ఒకేసారి కూర్చుని నింపేస్తాడు. డ్రైవరు సంతకం పెట్టి వెళ్లిపోతాడు. అందులో ఏం రాశాడో చదవడు. రెండేళ్ల తరువాత ట్రైబ్యునల్‌లో బీమా కంపెనీ వకీలు అదే కాగితం చూపించి, "ఇది మీ సంతకమేనా?" అని అడిగేసరికి నీళ్లు నములుతాడు. ఒక కుర్రాడి ఫారంలో డ్యూటీ గంటల దగ్గర "8" అని రాసి ఉంది. అతను తెల్లవారుజామున హోసూరులో ఎక్కి, మధ్యలో ఒక్కసారి అన్నానికి ఆగి, రాత్రి పదకొండింటికి రేణిగుంట దగ్గర గుద్దాడు. గంటలు లెక్కపెట్టి ఆ అంకె ఎవరు రాశారని అడిగితే, తలవంచుకుని చేతి వేళ్లు చూసుకున్నాడు.

ఫారం ఇంటికి తెచ్చుకోండి. మీకు తెలిసినవారితో చదివించుకోండి. తెలిసింది రాయండి, తెలియనిది ఊహించి రాయవద్దు. వేగం ఎంత అంటే మీటరు చూసి ఉంటేనే అంకె రాయండి. లైసెన్సు రకం, గడువు తేదీ కార్డు చూసి రాయండి. ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫోటో తీసుకుని, అందినట్టు ఆఫీసరు సంతకం అడగండి.

యజమానితో

మంచి యజమానులున్నారు. మూడు రోజులు ఫోను ఎత్తి నాలుగో రోజు నుంచి ఎత్తనివాళ్లూ ఉన్నారు. వకీలు ఖర్చు ఎవరిది, కేసు నడిచినన్నాళ్లు జీతం సంగతి ఏమిటి అని మొదటి వారంలోనే అడగండి. జవాబు ఫోను సందేశంలో వచ్చేలా చూసుకోండి.

యజమాని చేతులెత్తేస్తే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. చిత్తూరు కోర్టు ప్రాంగణంలో వాళ్ల ఆఫీసుంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచితంగా వకీలును ఇస్తారు. ఉచితం కదా అని చిన్నచూపు చూడకండి, వాయిదాకు రాని ఖరీదైన వకీలు కంటే వచ్చే ఉచిత వకీలు మేలు.

లైసెన్సు

పోలీసులు లైసెన్సు తీసుకుంటే రసీదు అడగండి. వాళ్లు రవాణా శాఖకు సిఫార్సు పంపుతారు, అక్కడి నుంచి మీకు షోకాజ్ నోటీసు వస్తుంది. లైసెన్సులో ఉన్న చిరునామాకు వస్తుంది. మీరు పదేళ్ల క్రితం ఖాళీ చేసిన అద్దె ఇంటికి వస్తుందని అర్థం. జవాబు ఇవ్వకపోతే ఏకపక్షంగా నిర్ణయిస్తారు. రద్దు చేసే ముందు మీ మాట వినాలని చట్టం చెబుతుంది, వినిపించండి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. సస్పెండైన కాలంలో స్టీరింగు పట్టకండి, పక్క ఊరికైనా సరే. అప్పుడు ఏమైనా జరిగితే బీమా కంపెనీ డబ్బు కట్టి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి వసూలు చేసుకుంటుంది. యజమాని ఎవరి మీద పడతాడో మీకు తెలుసు.

రెండు కోర్టులు, రెండు కేసులు

క్రిమినల్ కేసు మేజిస్ట్రేటు దగ్గర, మీ మీద. పరిహారం కేసు మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో. అందులో మామూలుగా మొదటి ప్రతివాది మీరు, తరువాత యజమాని, బీమా కంపెనీ. బాధితులు తాము నివసించే చోటే పరిహారం కేసు వేసుకోవచ్చు, అందుకే ఏర్పేడు దగ్గర జరిగిన ప్రమాదానికి సేలం నుంచి నోటీసు రావచ్చు. వచ్చిన కవరు తెరవకుండా అటక మీద పెట్టే అలవాటు మనకుంది. తెరవండి.

ఇక రాజీ. ఊరి పెద్దలు కూర్చుని రెండు కుటుంబాలను ఒప్పించి డబ్బు ఇప్పిస్తారు. ఆ కుటుంబానికి సాయం అందడం మంచిదే, నేనేమీ అనను. కానీ మరణం కేసు ఇద్దరూ రాజీ పడితే కొట్టేసే రకం నేరం కాదు. లోక్ అదాలత్‌లో పరిహారం కేసు తేలుతుంది, దాంతో క్రిమినల్ కేసు తేలిపోదు. పైగా రాజీ కాగితంలో "నా తప్పు వల్లనే" అని రాయించుకుంటారు. అది చదవకుండా సంతకం పెడితే ఇంతవరకు చెప్పినదంతా వృథా. మొదటి రోజుల్లో ఆ ఇంటికి మీరు ఒంటరిగా వెళ్లడం కూడా మంచిది కాదు. వెళ్లాలని మీ మనసు కొట్టుకుంటుంది, తెలుసు. కర్మకాండలు అయ్యాక, రెండు వైపులా తెలిసిన పెద్దమనిషి వెంట వెళ్లండి.

"ఒప్పేసుకో, జరిమానాతో పోతుంది" అని కోర్టు వరండాలో చెప్పేవారుంటారు. చిన్న దెబ్బల కేసులో అది నిజం కావచ్చు. ప్రాణం పోయిన కేసులో ఆ మాట మీ వకీలు తప్ప ఎవరు చెప్పినా వినకండి. పెద్ద బండి కాబట్టి తప్పు పెద్ద బండిదే అనేది రోడ్డు మీద మాట, చట్టంలో మాట కాదు. 1998లో కర్ణాటకకు చెందిన సతీశ్ అనే ట్రక్కు డ్రైవరు కేసులో సుప్రీంకోర్టు, వేగంగా నడిపాడన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని చెప్పింది. ఏ విధంగా నిర్లక్ష్యమో ప్రాసిక్యూషన్ చూపించాలి. ప్రత్యక్ష సాక్షి నిజంగా చూశాడా, చప్పుడు విని పరుగెత్తుకొచ్చాడా అన్న ఒక్క ప్రశ్న మీదే ఎన్నో కేసులు నిలబడటమో పడిపోవడమో జరుగుతుంది. మొదటి రోజు మీరు తీసిన ఫోటోలు ఇక్కడ పనికొస్తాయి.

డ్రైవరే గాయపడితే, డ్రైవరే పోతే

క్యాబిన్‌లో ఇరుక్కున్న డ్రైవరు కూడా రోడ్డు ప్రమాద బాధితుడే. 2025 మే నెలలో నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం పథకంలో నమోదైన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు వైద్యం అందాలి. తప్పు ఎవరిదని ఆసుపత్రి అడగకూడదు. తిరుపతిలో రుయా ఆసుపత్రికి చేర్చినప్పుడే ఇది ప్రమాదం కేసని, పథకం కింద చూడమని మీ వాళ్లు గట్టిగా అడగాలి.

ప్రాణం పోతే ఇంట్లోవాళ్లకు రెండు దారులు, వాటిలో ఒకటే ఎంచుకోవాలి. ఎదుటి బండి తప్పు ఉంటే మోటారు ట్రైబ్యునల్. తప్పు మన డ్రైవరుదే అయినా పనిలో ఉండగా పోయాడు కాబట్టి యజమాని ఇవ్వవలసిన ఉద్యోగుల నష్టపరిహారం. ఇందులో తప్పు ఎవరిదన్న ప్రశ్న రాదు. 1923 నాటి చట్టం 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, లెక్క తీరు మాత్రం అదే. నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే అంకెతో గుణించాలి. 2020లో పెట్టిన పరిమితి ప్రకారం లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000. నలభై ఏళ్ల డ్రైవరుకు ఆ అంకె 184.17. సగం జీతం 7,500తో గుణిస్తే 13,81,275 రూపాయలు. రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి.

ఈ డబ్బు ఆగిపోయేది ఒకే చోట. అతను మా దగ్గర పనిచేయలేదని యజమాని అంటాడు. జీతం చేతికి తీసుకుని, బత్తా చేతికి తీసుకుని బతికిన మనిషికి రుజువు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఈ నెల నుంచే జీతం బ్యాంకు ఖాతాలో వేయమనండి. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టండి, ప్రమాదంలో పోతే 2 లక్షలు వస్తాయి. సొంత బండి నడిపేవారైతే పాలసీలో యజమాని-డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో చూసుకోండి.

నిద్ర

కేసు నడుస్తుంటుంది, బెయిలు వచ్చింది, ఇంట్లో ఉన్నారు. కళ్లు మూస్తే ఆ చప్పుడు. దీన్ని ఎవరితోనూ చెప్పుకోరు, మందుతో కప్పిపెడతారు. రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416 టెలిమానస్ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. నిద్ర పట్టని మనిషి మళ్లీ రాత్రి లోడుకు ఎక్కకూడదు. మొదటి నెల పగటి బండి, దగ్గరి ట్రిప్పు అడగండి. నేను నా ప్రమాదం తరువాత నాలుగు నెలలు పూతలపట్టు దాటి రాత్రి వెళ్లలేదు. ఎవరూ నవ్వలేదు.

కేసు కొట్టేస్తే ఆ రోజే ఇంటికి వెళ్లిపోకండి. తీర్పు ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు పెట్టండి. చేతికి వచ్చాక ఒకటి రవాణా కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి, ఒకటి యజమానికి, ఒకటి ఇంట్లో బీరువాలో. పాస్‌పోర్టుకో, గల్ఫ్‌లో డ్రైవరు ఉద్యోగానికో పోలీసు విచారణ వచ్చినప్పుడు పాత కేసు నంబరు మళ్లీ బయటికి వస్తుంది. ఆ రోజున బీరువా తాళం తీస్తే సరిపోతుంది.